నలభై మందికి ఎనిమిది మానికలు

నేను ఒక ఇత్తడి మానికను. అజ్జరంలో కంచరివాళ్ళు నన్ను సాగగొట్టి గుండ్రంగా చేస్తే, తూనికల శాఖవాళ్ళు ముద్ర వేసి, నేను అబద్ధమాడనని లోకానికి హామీ ఇచ్చారు. అలాంటి ముద్ర మనుషులకెందుకు వెయ్యరో నాకిప్పటికీ తెలియదు. తెనాలిలో ఒక బియ్యం షావుకారు కొట్లో చాన్నాళ్ళు కొలిచాను. కిలోలు వచ్చి నా ఉద్యోగం ఊడింది. పనికిరాని వస్తువు కంటపడితే మనుషులకు దానధర్మాలు గుర్తొస్తాయి కదా, షావుకారు భార్య నన్ను ఆడపిల్లల ఆశ్రమానికి ఇచ్చేసింది.

అక్కడ నలభై మంది పిల్లలు. పూటకు ఎనిమిది మానికల బియ్యం. ఎవరికీ తక్కువ కాకూడదని వంటమనిషి సామ్రాజ్యమ్మ ప్రతిసారీ నా అంచు మీద అరచేత్తో రాసి, సమం చేసి పోసేది.

ఎస్తేరు, దీవెన అనే అక్కచెల్లెళ్ళు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అమ్మానాన్నలు విడిపోయి మంచం, బీరువా, చివరికి మేకల్ని కూడా పంచుకున్నారట. పిల్లలు మాత్రం ఎవరి వాటాకూ రాలేదు. కొలతల్లోనే బతికినదాన్ని, అలాంటి పంపకం నేనెక్కడా చూడలేదు.

పద్దెనిమిది నిండితే ఆశ్రమం వదలాలి. ఎస్తేరుకు నిండాయి. అలా బయటికెళ్ళే పిల్లల్ని కనిపెట్టుకునే సంస్థ నుంచి వసుంధర మేడం వచ్చి, బట్టల దుకాణంలో పని, ఒక మేడమీద గది కుదిర్చింది. ఎస్తేరు అడిగింది ఒక్కటే.

"దసరా సెలవులకి చెల్లిని నా దగ్గరికి పంపిస్తారా మేడం?"

"వచ్చి చూస్తానమ్మా. ఇల్లు నడపగలవనిపిస్తే పంపిస్తా."

సామ్రాజ్యమ్మ నన్ను గుడ్డలో చుట్టి ఎస్తేరు సంచిలో పెట్టింది. "ఇదుంటే అన్నానికి లోటుండదే," అని కళ్ళు తుడుచుకుంది.

కొత్త గదిలో మొదటి రోజే పొరపాటు జరిగింది. వంటింట్లో సాయం చేస్తూ పెరిగిన ఎస్తేరుకు నలభై మందికి వండడం వచ్చు, ఒక్కరికి వండడం రాదు. ఎనిమిది మానికల చోట ఒక్కటేగా అనుకుని నా నిండా కొలిచి పోసింది. ఐదుగురు తినే అన్నం ఉడికింది. పారేయడానికి చేతులు రాలేదు. గిన్నె పట్టుకుని మెట్లు దిగి, కింద వాటాలో ఉండే ఖాజాబీ తలుపు కొట్టింది. గిన్నెను ఉత్తదిగా తిరిగి ఇవ్వకూడదని ఖాజాబీ అందులో గోంగూర పప్పు పోసి ఇచ్చింది. పప్పు వచ్చాక అన్నం ఇవ్వకపోతే ఏం బాగుంటుంది? మర్నాడూ మానికెడే. అన్నం దిగడం, కూర ఎక్కడం అలవాటైంది. ఒకసారి ఎస్తేరుకు జ్వరమొచ్చి అన్నం కిందికి దిగకపోతే, ఖాజాబీయే జావ కాచి పైకి ఎక్కింది.

మేడం వచ్చేసరికి కుండలో మానికెడు అన్నం ఉడుకుతోంది. ఆవిడ మూత తీసి చూసి ముఖం చిట్లించింది.

"ఒక్కదానివి, ఇంతా? ఇదేనా ఇల్లు నడపడం?"

ఎస్తేరు గబగబా మూత పెట్టేసింది. మేడం కాగితం తీసింది. "అవసరానికి పిలిస్తే పలికేదెవరు?" అని ఉంది అందులో. ఆశ్రమం పిల్లలు చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారట. ఎస్తేరూ పెన్ను అందుకుని, ఏమీ రాయకుండానే తిరిగిచ్చేసింది. దీవెన సెలవులు పోయినట్టేనని నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడే ఖాజాబీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "ఏమే పిల్లా, ఇంత పొద్దెక్కినా కిందికి రాలేదు! మళ్ళీ జ్వరం గానీ తగిలిందా?" అంటూ ఎస్తేరు నుదుటి మీద చెయ్యి పెట్టింది.

మేడం ఆ చేతివైపు కాసేపు చూసి, "మీ పేరేంటమ్మా?" అని అడిగి ఆ గడిలో రాసుకుంది. ఒక పిల్ల లెక్క తప్పినందుకు ఆమెకు ఒక మనిషి దొరికింది! ఇన్నేళ్ళు కొలిచీ నేనెరగని సంగతి అది.

దసరాకు దీవెన వచ్చింది. ఎస్తేరు నన్ను బియ్యంలో ముంచి పైకెత్తింది. అంచు మీద అరచేత్తో రాయలేదు. గోపురంగా ఉన్న బియ్యం జారిపోతుంటే, దీవెన నవ్వుతూ రెండు చేతులూ కింద పట్టింది.