అంగుళానికి ఎనభై

మహమ్మద్ అలీ సాబ్ కంప్యూటర్ కొంటున్నది పని కోసమేనని ఆదోని బజారులో అందరికీ చెప్పాడు. ఎవరూ అడగకపోయినా చెప్పాడు. దాంతోనే నాకు అనుమానం వచ్చింది. అంతకు ముందు నెల సరుకు అమ్మడానికి బెంగుళూరు వెళ్లినప్పుడు ఆయన ఎవరి ఆఫీసులోనో ఒక ఆట చూశాడు. తెర మీద బంతి ఎగిరి పైనున్న ఇటుకల గోడను కొడుతుంది, ఇటుకలు ఒక్కొక్కటే మాయమవుతాయి. యాభై రెండేళ్ల మనిషి, నలుగురికీ బుద్ధులు చెప్పేవాడు, ఆ గోడ మొత్తం పడేదాకా కుర్చీ దిగలేదట. రైలు తప్పిపోయింది.

ఇది ఎనభై ఎనిమిదిలో సంగతి. సాబ్ ఎమ్మిగనూరులో నలభై మగ్గాల మీద దుప్పట్లు, తువ్వాళ్లు నేయించి ఆదోనిలో అమ్మేవాడు. నేను ఆయన దగ్గర అంచులు గీసేవాణ్ణి. గళ్ల కాగితం మీద నేను రంగులు నింపితే, గడికి ఇన్ని పోగులని లెక్కపెట్టుకుని నేతగాళ్లు నేస్తారు. ఇకమీద ఆ గళ్లను కంప్యూటర్లో నింపాలన్నది సాబ్ చెప్పుకున్న పని. ఆ పని చేయాల్సిన నాకు మాత్రం ఆ ముక్క అందరికంటే చివర చెప్పాడు.

కర్నూలు నుంచి ఏసన్న అనే ఏజెంటు ఒక కంప్యూటరూ రెండు మానిటర్లూ టెంపోలో వేసుకుని వచ్చాడు. ఒకటి పన్నెండు అంగుళాలది, నల్లటి తెర మీద పచ్చటి గీతలు. రెండోది పద్నాలుగు అంగుళాలది, రంగులది. రంగులంటే నాలుగు. చిన్న తెరలో అడ్డంగా ఏడు వందల ఇరవై చుక్కలు, పెద్దదానిలో మూడు వందల ఇరవయ్యేనని ఏసన్న చెప్పాడు. సాబ్ స్కేలు తెప్పించి రెండు తెరల వెడల్పూ కొలిచాడు. అంగుళాలు చెప్పేది మూల నుంచి మూలకట, వెడల్పు చిన్నదానికి తొమ్మిదే, పెద్దదానికి పది. భాగిస్తే చిన్నదానికి అంగుళానికి ఎనభై వచ్చింది, పెద్దదానికి ముప్పై రెండు. ముప్పై రెండంటే మా లెక్కలో గోనెసంచి.

పనికైతే చిన్నదే మేలని నేను చెప్పాను. పువ్వు రేకు వంపు తిరగాలంటే చుక్కలు దగ్గరగా ఉండాలి. సాబ్ ముఖం వాడిపోయింది. పచ్చ గీతల్లో ఇటుకల గోడ ఏం బాగుంటుంది? అందుకని అమ్మేవాడి మాట మీద లెక్క నమ్మకూడదని అడ్డం తిరిగాడు. అదీ నిజమే. మా వ్యాపారంలో బట్టల బేలు మీద రాసిన అంకెను ఎవరూ నమ్మరు, లెక్కపెట్టి చూస్తేనే నమ్ముతారు. వెంటనే ఎమ్మిగనూరు నుంచి తిక్కయ్యను పిలిపించాడు.

తిక్కయ్య ముప్పై ఏళ్లుగా సాబ్ బట్టను తనిఖీ చేస్తున్నాడు. అంగుళం కిటికీ ఉన్న చిన్న ఇత్తడి భూతద్దాన్ని బట్ట మీద ఆనించి పోగులు లెక్కపెడతాడు. ఆయన సరే అంటేనే నేతగాడికి కూలి, లేదంటే బట్ట వెనక్కి. అయితే ఆయన చూపు మసకబారి ఏడాదయింది. అద్దం కంటి దగ్గర పెట్టుకునేవాడు కానీ లెక్కంతా బొటనవేలిదే. అది నేను కనిపెట్టి కూడా ఎవరితోనూ అనలేదు. చూపు లేని తనిఖీదారును పనిలో ఎవరు ఉంచుకుంటారు? ఆ ఇంట్లో ఇంకొకరి సంపాదన లేదు. ఆ రోజు ఆయనను రానివ్వకుండా ఏదో ఒక వంక చెప్పి ఆపాల్సింది. నాకు తట్టలేదు, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

తిక్కయ్య వచ్చి, అంగుళానికి ఎనభై చుక్కలట చూడు అని సాబ్ అనగానే చిన్న మానిటర్ ముందు కూర్చున్నాడు. ఏసన్న తెర నిండా చుక్కలు తెప్పించాడు. తిక్కయ్య గాజు మీద అద్దం ఆనించి, పక్కనే బొటనవేలు జరుపుతూ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బయట కృష్ణగిరి బస్సు హారను ఆపకుండా మోగుతోంది. ఇరవై ఆరు దగ్గర కరెంటు పోయింది. తెర నల్లబడింది. ఇరవై ఏడు అన్నాడు తిక్కయ్య. ఏసన్న నోరు తెరిచి, సాబ్ ముఖం చూసి మూసుకున్నాడు. వాకిట్లోంచి వచ్చే ఎండ వెలుతురులో, ఏమీ లేని గాజు మీద ఆయన తొందరపడకుండా లెక్కపెట్టుకుంటూ పోయాడు.

“ఎనభై,” అన్నాడు చివరికి. “అబద్ధం లేదు సాబ్. సరైన సరుకు.”

నేనే నోరు జారాను.

“కరెంటు పోయింది మామా.”

“ఎప్పుడు?”

“ఇరవై ఆరు కాడ.”

తిక్కయ్య అద్దం దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఏడాదైంది సాబ్, సరిగా కనపడక. బట్టైతే యేలికి తెలుస్తాది. ఇది గాజు.”

సాబ్‌కు కోపం వస్తుందనుకున్నాను. ఆయన లేచి అలమరలోంచి రెండు తువ్వాళ్లు తీసి తిక్కయ్య చేతిలో పెట్టాడు. తిక్కయ్య కళ్లు మూసుకుని రెండింటి మీదా వేలు నడిపాడు. ఒకటి నలభై నాలుగు, రెండోది నలభై రెండు, ఈ రెండోది మన మగ్గాలది కాదు అన్నాడు. సాబ్ ఆ అద్దాన్ని నాకిచ్చి లెక్కపెట్టమన్నాడు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఒక్క పోగు తేడా లేదు. రెండో తువ్వాలు సాబ్ గూడూరులో ఎవరిదో నమూనాకు కొన్నదట.

అరగంటకు కరెంటు వచ్చింది. ఏసన్న పెద్ద మానిటర్ పెట్టి, దేవుడా అనుకుంటూ ఇటుకల ఆట తెప్పించాడు. తిక్కయ్య ముఖం తెరకు జానెడు దూరం దాకా తీసుకుపోయి చాలాసేపు అలాగే ఉన్నాడు.

“ఈ ఎర్రవి కనపడతాండాయి సాబ్,” అన్నాడు.

సాబ్ పెద్దదే ఉంచమన్నాడు. పని సంగతేమిటని నేను అడగలేదు. రేకులు మెట్లు మెట్లుగా వస్తే వస్తాయిలే అనుకున్నాను. ఆటలో గోడ మాత్రం ఆ రోజు సాయంత్రానికే పడింది.

పోతూ పోతూ తిక్కయ్య సాబ్‌ను ఒకటే అడిగాడు, ఈ సంగతి మగ్గాల దగ్గర తెలియకూడదని. తెలిస్తే ఎవరూ తన మాట లెక్కచెయ్యరని. పని పోతుందన్న భయం కంటే అదే ఆయనకు పెద్దదని నాకప్పుడు అర్థమైంది. సాబ్ మాట ఇచ్చాడు. నా చేత కూడా ఇప్పించాడు.

వారం తర్వాత కొత్త అంచు కాగితాలతో ఎమ్మిగనూరు వెళ్లాను. ఈరమ్మ మగ్గం దగ్గర తిక్కయ్య దుప్పటి చూస్తున్నాడు. ఆమె దుప్పటి ఇచ్చేముందు, చూసే చోట గంజి బిరుసు పోయేలా అరచేత్తో రుద్ది మెత్తగా చేసింది. తర్వాత మంచినీళ్ల వంకతో నా దగ్గరకు వచ్చింది. నేను తిక్కయ్య చేతి వైపు చూడటం ఆమె గమనించినట్టుంది.

“పోయిన ఉగాదికే మాకందరికీ తెలుసప్పా,” అంది మెల్లగా. “అద్దంతో సూసేటప్పుడు రెండు పోగులు తగ్గించినా సందు దొరికేది. ఆ యేలి కాడ యాడ దొరుకుతాది? నువ్వేం సెప్పాకు. మాకు తెలుసని తెలిస్తే ఆయప్ప తట్టుకోలేడు.”

తిక్కయ్య అద్దం కంటి మీంచి తీసి, నలభై నాలుగు, సరే అని కేక వేశాడు. ఈరమ్మ వెనక్కి వెళ్లి, బాగా సూసినావా మామా అని అడిగింది.