అన్నయ్య జెట్టు, చిన్నోడి చేతులు

ఆ ఇంటి వీధి తలుపుకి ఒక జబ్బుంది. బందులు సడలి ఒక పక్కకి వాలిపోయింది. మామూలుగా తోస్తే గడియ పడదు. పిడి పట్టుకుని రవ్వంత పైకెత్తి, చిటికెన వేలితో గడియని నొక్కుతూ లాగాలి. తెరవాలన్నా అదే తంతు. ఆ కిటుకు చిన్నోడి చేతులకి తప్ప ఇంకెవరికీ పట్టుబడలేదు. అతను పనికి వెళ్ళాక భార్య తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని, "ఇంత పనిమంతుడు, ఒక్క తలుపు మార్పించలేడు" అని ఆ కుర్చీతోనే చెప్పుకునేది.

చిన్నోడంటే కుర్రాడనుకునేరు. నలభై దాటి, చెవుల దగ్గర నెరిసిన మనిషి. ఇద్దరు అన్నదమ్ముల్లో రెండోవాడు కాబట్టి ఆ పిలుపు అతుక్కుపోయింది. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని. ప్లాస్టర్ అచ్చు మీద మైనం పరిచి, ఒక్కో పన్నూ గుచ్చి, పై దవడా కింది దవడా కలిపి కొరికించి చూస్తాడు. ఊళ్ళో సగంమంది ముసలాళ్ళు అతని చేతిపనితోనే నవ్వుతున్నారు, వాళ్ళకా సంగతి తెలీదు. ఆదివారాలు మాత్రం పార్సిళ్ళలో వచ్చే థర్మోకోల్ కోసి, చిన్న మోటారు బిగించి, రిమోట్‌తో నడిచే విమానాలు చేసి ఖాళీ స్థలంలో ఎగరేసుకునేవాడు. అదొక్కటే అతని విలాసం.

అన్నయ్య సంగతి వేరు. పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. లావుపాటి మెత్తటి చేతులు. వాటికి సంతకం పెట్టడం వచ్చు, వేలు చూపించి మాట్లాడటం వచ్చు, ఎదుటివాణ్ణి "ఇక వెళ్ళు" అని విదిలించడం వచ్చు. గోడకి మేకు కొట్టడం మాత్రం రాదు.

ఒక సాయంత్రం అన్నయ్య పిలిస్తే చిన్నోడు వాళ్ళ గ్యారేజీకి వెళ్ళాడు. కారు బయట ఎండలో ఉంది, కారుండే చోట మనిషంత పొడుగు అట్టపెట్టె ఉంది. అందులో రిమోట్‌తో ఎగిరే తెల్లటి జెట్ విమానం, ముక్కలు ముక్కలుగా. కిరసనాయిలుతో నడిచే నిజం టర్బైన్ ఇంజను, చిన్న సొరకాయంత. చిన్నోడు వంగి దాన్ని వేలితో తడిమాడు.

"చూశావురా? మా విమానాల క్లబ్బులో ఎవడికీ లేదిది. వచ్చే నెల ఎగరేసే రోజుకి మా ఎండీ గారు కూడా వస్తున్నారు."

"నేనొచ్చి బిగిస్తాను అన్నయ్యా. సాయంత్రాలు వస్తాను."

"నువ్వు బిగిస్తే నేను చేశానని ఎలా చెప్పుకోను? నాకు అబద్ధాలాడటం ఇష్టం ఉండదని నీకు తెలుసుగా." అన్నయ్య నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "చేతులు ఇచ్చేసి వెళ్ళు. నావి నువ్వు పెట్టుకో. ఒక్క నెల."

వాళ్ళింట్లో చేతులు అరువివ్వడం కొత్తేమీ కాదు లెండి. మణికట్టు దగ్గర సీసా మూత తిప్పినట్టు తిప్పితే వచ్చేస్తాయి. వాళ్ళమ్మ బతికుండగా, పక్కింటావిడకి పిండి కలపాలంటే తన కుడి చెయ్యి ఇచ్చి, ఆవిడ చేత్తో తను బట్టలు ఆరేసుకునేది. ఒకటే జాగ్రత్త. ఆ చేతిని ఎవరైనా మనసారా మెచ్చుకుంటే ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మళ్ళీ ఎవరో మనసారా ఛీకొడితే గానీ వదులు కాదు. ఉత్తుత్తి తిట్లకి లొంగదు, చేతులకి తెలిసిపోతుంది. వాళ్ళ పిన్ని ఎవరిదో ఎడమ చెయ్యి తెచ్చుకుని స్వెట్టర్ అల్లితే, ఆడపడుచు చూసి "అబ్బ, ఎంత బాగా అల్లావే" అంది. అంతే సంగతులు. పిన్నికి ఆ చెయ్యే మిగిలింది. దాని మీదున్న కాలిన మచ్చ ఏ వంటింట్లో పడిందో తెలీకుండానే వెళ్ళిపోయింది పాపం.

చిన్నోడు మణికట్లు ముందుకి చాపాడు. అన్నయ్య అడిగితే కాదనడం ఆ చేతులకి ఏనాడూ అలవాటు లేదు.

ఇంటికొస్తే భార్య తలుపు దగ్గరే పట్టేసింది. "అవి బావగారి చేతులు కదూ?"

"ఒక్క నెలేనే. ల్యాబుకి సెలవు పెట్టాను."

"ఉంగరాలు తీసుకున్నారు చూశారా, గుర్తుపెట్టుకుని మరీ! చేతులైతే ఇచ్చారు గానీ ఉంగరాలు ఇవ్వలేదు. ఆ ముద్దచేతులతో నన్ను తాకకండి. కంచం నేనే పెడతాను, చెంచాతో తినండి."

రోజూ సాయంత్రం చిన్నోడు గ్యారేజీకి వెళ్ళి స్టూలు మీద కూర్చునేవాడు. ఒళ్ళో అన్నయ్య చేతులు బద్ధకంగా పడుండేవి. ఎదురుగా తన చేతులు పని చేస్తుండేవి. తన చేతుల్ని బయటనుంచి చూడటం అదే మొదటిసారి. అన్నయ్య బిగించే వరస రాసిన కాయితం ముందేసుకుని ఒకటో అంకె దగ్గర తడుముకుంటుంటే, చేతులు అప్పటికే నాలుగో అంకె పని ముగించేవి. రెక్కల వెనక అంచున కదిలే పలకలుంటాయి, వాటిని చిన్నోడు రెప్పలంటాడు. ఒక్కో రెప్పకీ అగ్గిపెట్టంత మోటారు బిగించి, సన్నటి ఉక్కు కడ్డీతో కలిపి, కడ్డీ చివర మరని అరచుట్టు తిప్పి, మళ్ళీ పావుచుట్టు వెనక్కి తిప్పి, రెప్ప రెక్కతో సమంగా నిలిచేదాకా వదల్లేదు. చక్రాల కాళ్ళు పొట్టలోకి ముడుచుకునేటప్పుడు మూత అంచుకి వెంట్రుకంత రాసుకుంటోందని బొటనవేలితో తడిమి పట్టుకున్నాయి. మెత్తటి గరుకు కాయితంతో ఆ అంచుని అరగదీశాయి, పన్ను అరగదీసినట్టే. రెక్కల కింద గుర్తుపెట్టిన రెండుచోట్ల వేళ్ళ కొసలు ఆనించి విమానాన్ని పైకెత్తితే, ముక్కు కొంచెం, కొంచెమంటే కొంచెమే, కిందకి వాలి నిలిచింది, బరువు సరిగ్గా కుదిరినట్టే.

చిన్నోడికి "శభాష్" అనాలనిపించింది. గొంతుదాకా వచ్చింది. సొంత చేతుల్ని పొగుడుకోవడం ఏం బావుంటుందని మింగేశాడు.

"అన్నయ్యా, ఒక్కటి మాత్రం మర్చిపోకు," అన్నాడు దానికి బదులు. "ఎగరేసే ముందు ప్రతిసారీ విమానం వెనక నిలబడు. రిమోట్ మీద పుల్ల కుడికి తోస్తే కుడి రెక్క రెప్ప పైకి లేవాలి. కిందకి దిగిందంటే అది తిరగబడి ఉన్నట్టు. కుడికి పొమ్మంటే ఎడమకి పోతుంది."

"సర్లేరా, నాకు చెప్పాలా?"

ఎగరేసే రోజు చిన్నోడు కిరసనాయిలు డబ్బా మోశాడు. లావు చేతులకి ఆ బరువు అలవాటు లేక అరచేతులు బొబ్బలెక్కాయి. జెట్టు ఈలేసుకుంటూ లేచింది. మేఘం అంచున పల్టీ కొట్టింది, తిరిగొచ్చి తలకిందులుగా జనం ముందునుంచి సాగింది, కాళ్ళు చాపి నేలమీద ఎవరో అరచేత్తో దించినట్టు దిగింది. చిన్నోడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. క్లబ్బు పెద్దమనిషి పరిగెత్తుకొచ్చి అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని, "ఏం చేతులండీ! దేవుడు తీరిగ్గా చేసిన చేతులు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎండీ గారు కూడా.

చిన్నోడు నిలబడ్డ చోటినుంచే చూశాడు. అన్నయ్య మణికట్టు చుట్టూ ఉన్న సన్నటి గీత మెల్లగా మూసుకుపోయింది.

"మా తమ్ముడు," అంటున్నాడు అన్నయ్య. "సామాన్లు మోసిపెడతాడు. అమాయకుడు."

ఆ సాయంత్రం గ్యారేజీలో ఎంత తిప్పినా చేతులు రాలేదు. అన్నయ్య చిన్నోడి మొహంలోకి చూడకుండా, "వాటికి నా దగ్గరే బావున్నట్టుందిరా, నేనేం చెయ్యను?" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అదే చిన్నోణ్ణి ఎక్కువ కోసింది.

"పోనీ నువ్వే ఒకసారి మనసారా తిట్టు అన్నయ్యా."

"ఇంత పేరు తెచ్చిన చేతుల్ని ఎలా తిట్టనురా? నోరు రావద్దూ?"

తర్వాత జరగాల్సిందే జరిగింది. ల్యాబులో చిన్నోడు గుచ్చిన పళ్ళు ఒకదాన్నొకటి ఎక్కి కూర్చున్నాయి. ఒక పెద్దాయన సెట్టు పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఇవి నన్ను కొరికేలా ఉన్నాయి" అని తిరిగిచ్చేశాడు. యజమాని మంచివాడు, పనిలోంచి తీసెయ్యలేదు. పళ్ళ సెట్ల డబ్బాలు డాక్టర్ల దగ్గరికి చేరవేసే పనిలో వేశాడు. చిన్నోడు బల్ల ఖాళీ చేసి మైనం కత్తులు పక్కవాడికి ఇచ్చాడు. థర్మోకోల్ విమానాలు అటక ఎక్కాయి. వీధి తలుపు పగలూ రాత్రీ కుర్చీ ఆనించుకునే ఉండేది.

భార్య మొదట్లో అన్నయ్యని తిట్టింది, తర్వాత ఆ ముద్దచేతుల్ని తిట్టింది, మనసారానే. అందుకే అవి ఎప్పుడూ వదులుగా వేలాడుతుండేవి. ఆ తర్వాత ఆమెకి తిట్లు అయిపోయాయి. ఇన్నేళ్ళలో ఆ పాత చేతులతో ఒక్కసారైనా మంచిమాట అన్నానా అని వెతుక్కుంది. తలుపు గురించి దెప్పింది గుర్తొచ్చింది, ల్యాబు గురించి దెప్పింది గుర్తొచ్చింది. మంచిమాట మాత్రం గుర్తురాలేదు. పరాయివాడు ఒక్క మాట అంటే వెళ్ళిపోయాయంటే, వెళ్ళవా మరి?

ఒక ఆదివారం సాయంత్రం చిన్నోడు కిటికీ దగ్గర కూర్చుని తన చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. దారం సూదిలోకి ఎక్కించడానికే ఎండ వాలిపోయింది. లావు వేలికి రెండుసార్లు సూది గుచ్చుకుంది. చివరికి గుండీ ఒక పక్కకి ఒరిగి, ఆ తలుపులాగే వాలి నిలబడింది. అతను చొక్కా ఎత్తి చూసుకుని సిగ్గుపడి దాచబోయాడు.

భార్య లాక్కుని చూసింది. ఆ గుండీ మీద వేలు రాసింది.

"బాగా కుట్టారండీ," అంది. "పాపం, మంచి చేతులే ఇవీ."

నోరు జారింది. నిజంగానే అనుకుంది కూడా. చిన్నోడి మణికట్టు దగ్గర ఏదో చిన్నగా సర్దుకున్నట్టయింది. అతను చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఆమె మొహం చూస్తే ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే కుర్చీని కాలితో నెట్టుకుంటూ అన్నయ్య వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"తీసుకోరా నీ చేతులు! పరువు తీశాయి. నిన్న కొత్త అతిథులొచ్చారు, ఎండీ గారూ ఉన్నారు. రెక్కల రెప్పలకి మోటార్లు మార్పించాను. జెట్టు లేచింది, కుడికి తిప్పితే ఎడమకి తిరగబడి తలకిందులుగా నేలలో దిగబడింది. ముక్కలే ఏరుకున్నాను."

"వెనక నిలబడి చూశావా అన్నయ్యా? పుల్ల కుడికి తోసి?"

అన్నయ్య తల దించుకున్నాడు. "ఇవి రిమోట్ వైపు గుంజుతూనే ఉన్నాయి. అతిథులతో చెయ్యి కలపాలి కదా, నేనే లాక్కున్నాను." అంతలోనే గొంతు పెంచాడు. "అందరి ముందూ తిట్టిపోశాను, దరిద్రపు చేతులని! వదులైపోయాయి. చూడు, రాలిపోయేలా ఉన్నాయి. నావి నాకిచ్చెయ్."

చిన్నోడు అన్నయ్యకున్న తన చేతుల్ని చూశాడు. బొటనవేలి మీద మైనం కత్తి గాటు అలాగే ఉంది. మెల్లగా తనకున్న లావు చేతిని మణికట్టు దగ్గర తిప్పుకున్నాడు. కదల్లేదు. అన్నయ్య పట్టుకుని తిప్పాడు. కదల్లేదు.

"ఎవర్రా వీటిని మెచ్చుకున్నది?"

  భార్య చేతిలోని కాఫీ గ్లాసు పక్కనపెట్టి ముందుకొచ్చి, "మొద్దు చేతులు! ముష్టి చేతులు! నా సంసారం నాశనం చేసిన చేతులు!" అని అరిచింది. అరుస్తూనే ఆమె కళ్ళు అతని చొక్కా మీది ఒరిగిన గుండీ మీద ఆగాయి.  చేతులు ఉలకలేదు, పలకలేదు.

"నువ్వన్నా తిట్టుకో అన్నయ్యా," అన్నాడు చిన్నోడు. "నీ చేతులే కదా."

అన్నయ్య నోరు తెరిచాడు. తన చేతుల్ని ఏమని తిట్టాలో ఆయనకి తట్టలేదు. ఎంత ఆలోచించినా అవి చేసిన తప్పు ఒక్కటీ గుర్తురాలేదు.

"చాల్లే, ఊరుకో," అన్నాడు చిన్నోడు భార్యతో, ఆమె భుజం మీద ఆ లావు చెయ్యి వేసి. ఆమె తోసెయ్యలేదు.

అన్నయ్య విసుగ్గా లేచి బయటికి నడిచాడు. గడప దాటాక ఆయన పట్టించుకోనే లేదు గానీ, ఆ చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. పిడి పట్టుకుని తలుపుని రవ్వంత పైకెత్తి, చిటికెన వేలితో నొక్కి, ఎన్నాళ్ళో చేసిన పనిలాగే లాగాయి. గడియ టక్కున పడింది.

లోపల ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. చిన్నోడికి డబ్బాలు అందించే వేళవుతోంది. లావు చేతులతో పిడి పట్టుకుని పైకెత్తాడు. తలుపు రాలేదు.