ఉడికించి వంచిన నీళ్లు

అక్క వంటగదిలో అడుగు పెట్టగానే ముక్కు మూసుకున్నాను. నిలవనీటి పాచిని గిన్నెలో వేసి కాచినట్లుంది ఆ వాసన. బల్లమీద గాజుగ్లాసులో జిగురుజిగురుగా ఆకుపచ్చ ద్రవం, దానిపై మురికి నురగ. శిక్ష పడిన బడిపిల్లవాడిలా బావ దాని ఎదుట కూర్చుని ఉన్నాడు.

బావకు మిగిలింది ఒక్క మూత్రపిండం. రెండోది రాళ్లకే బలైంది. ఉన్నదానిలోనూ ఇసుక చేరుతున్నదని వైద్యుడు హెచ్చరించాడు. ఆయనకిష్టమైన పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లం మెండు. అది మూత్రంలో కాల్షియంతో కలిసి స్ఫటికమవుతుంది. అసలు మానడమే మేలనీ, అంతగా మనసు లాగితే ఉడికించి, నీళ్లు వంచేసి, నాలుగు ఆకులు పెరుగుతో తినాలనీ, పెరుగులోని కాల్షియం ఆ ఆమ్లాన్ని పేగులోనే పట్టి ఉంచుతుందనీ కిందటివారం అక్కకు విడమరిచి చెప్పాను.

"నీళ్లు వంచావా, అక్కా?"

"వంచకేం? నీ మాటంటే వేదవాక్కేగా!"

"మరి ఇదేమిటి?"

"ఆ నీళ్లే. సారమంతా దిగేదాకా ఉడికించా. పిప్పి పారేశా."

"పారేయాల్సింది ఇదే! ఆ సారమే రాళ్లకు సరుకు."

"ఫోన్‌లో వచ్చిన వీడియోలో ఒకాయన ఇది రోజూ పరగడుపున తాగితే రాళ్లు కరుగుతాయన్నాడు. నువ్వేమో నీళ్లు తీయమన్నావు. పోనీలే అని ఇద్దరి మాటా నిలబెట్టా. అయినా ఇందులో ఇనుముందని నువ్వే అన్నావుగా?"

"ఉంది. ఒంటికి పట్టేది మాత్రం చిటికెడు. తలుపు గొళ్లెంలోనూ ఇనుముంది, నాకిస్తావా?"

"మొదలెట్టాడమ్మా! పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలింది గానీ వెటకారం వదల్లేదు."

చెంచాతో ఒక చుక్క నాలుకపై వేసుకున్నాను. పళ్లకు సుద్ద పూసినట్లయింది. తొట్టిలో ఉమ్మేసినా ఆ జిగురు వదల్లేదు. దీన్ని ఈ మనిషి రోజూ పరగడుపున మింగుతున్నాడు! రసాయనశాస్త్రం సగమే వినేవారికి చెప్పడంకంటే అసలు చెప్పకపోవడమే క్షేమం.

బావ గ్లాసును అక్కవైపు జరిపాడు. "మీరిద్దరూ తేల్చుకునేలోగా నేను తేలిపోయేలా ఉన్నా. ఏమే, నువ్వో గుక్క తాగు. నువ్వు తాగితే మిగతాది నేను తాగుతా."

"ఛీ! ఆ కంపు నాకెక్కడ పడుతుంది?"

బావ ఆమెను తేరిపార చూశాడు. నా ఆమ్లాలూ స్ఫటికాలూ చేయలేని పని ఆ ఒక్క "ఛీ" చేసింది. లేచి వెళ్లి గ్లాసును తొట్టిలో బోర్లించాడు.

"అయ్యయ్యో, మొక్కలకైనా పోసేదాన్ని కదండీ!" అంటూ అక్క గిన్నె పట్టుకుని పరుగెత్తింది.