మౌనం అనే అధ్యాయం

మధ్యాహ్నం కుస్కుస్ రవ్వ రెండోసారి ఆవిరికి పెడుతుంటే మా ఆయన మొక్రాన్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఆ ఉదయమే అచ్చయి వచ్చిన తన పుస్తకంలోంచి కృతజ్ఞతల పేజీ చదివి వినిపించాడు. పారిస్‌లో పాత కాగితాలు వెతికిపెట్టినవాళ్ళు, అల్జీర్స్‌లో చదువు చెప్పిన గురువులు, పటాలు గీసిన మిత్రుడు, అందరి పేర్లూ అయ్యాక చివర్న నేను. "తన ఓపికతో, కాఫీతో ఈ పుస్తకాన్ని నిలబెట్టిన నా భార్యకు." ఫెరూజా అనే పేరు రాయడానికి పెద్ద చోటేమీ పట్టదు.

"బావుందా?" అన్నాడు.

"ఆ మూత ఇటివ్వండి," అన్నాను.

బటానీలు ఒలుస్తున్న అత్తయ్య తలెత్తింది. "ఇంకేం కావాలే నీకు? మీ మామగారు బతికినన్నాళ్ళూ నన్ను 'ఇదిగో' అనే పిలిచారు. నువ్వు ఏకంగా పుస్తకంలోకే ఎక్కావు," అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఆవిడ నిజంగానే సంతోషించింది.

ఫ్రాన్సుతో జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో మా కొండ పల్లెలు పడ్డ పాట్ల గురించి ఆ పుస్తకం. మొక్రాన్ పుట్టిందీ పెరిగిందీ రాజధాని అల్జీర్స్‌లో, చదువంతా ఫ్రెంచిలో. మా కబైల్ భాషలో ఆయనకు వచ్చినవి తిండి, తిట్లు, దీవెనలు. ఫ్రాన్సు మన నోట్లోంచి మన మాట లాక్కుందని ఫ్రెంచిలో ఎంతో అందంగా రాస్తాడు. తప్పని నేననను. బడిలో పిల్లలకు ఫ్రెంచి చెప్పి బతుకుతున్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని అంటాను? నాకు చిరాకు వేరే దగ్గర. మా పుట్టింటి ఊళ్ళో ఆయన రికార్డర్ పెట్టుకుని ముసలమ్మల ముందు కూర్చుంటే వాళ్ళు జెండా పండుగ మాటలు అప్పజెప్పారు. ఫ్రాన్సు ఊళ్ళు తగలబెట్టింది, మగవాళ్ళు పోరాడారు, దేవుడు కాపాడాడు, కాఫీ చల్లారిపోతోంది తాగు నాయనా. మగవాడి ఎదుట అంతకు మించి ఎందుకు చెబుతారు? మా వైపు ఆడవాళ్ళు నోరు విప్పేది వేసవిలో, ఏడాదికి సరిపడా కుస్కుస్ చేసుకునేటప్పుడు. ఒకరింటికొకరు సాయం వెళ్ళి, పెద్ద కొయ్య పళ్ళేల చుట్టూ చేరి, తడిపిన రవ్వను అరచేత్తో గుండ్రంగా తిప్పుతూ చెప్పుకుంటారు. ఆ పని ముగిసేదాకా ఆ వాకిట్లోకి మగవాడు అడుగుపెట్టడు. విన్నది బయట చెప్పుకోవచ్చు, ఎవరి పేరూ ఎత్తకపోతే చాలు. అలా నేను విన్నాను, ఇంటికొచ్చి ఫ్రెంచిలో చెప్పాను, ఆయన టైపు చేసినవి దిద్దాను. అందులో కాఫీ కూడా ఉంది, కాదనను.

ఆ మాటలన్నీ పుస్తకంలో ఉన్నాయి, 'ఒక గ్రామీణురాలి జ్ఞాపకం' అని. వాటి తర్వాత పెద్ద అధ్యాయం ఒకటి, 'స్త్రీల మౌనం' అని. బెజాయియా పట్నం గ్రంథాలయంలో జరిగిన సభలో ఆయన అది చదువుతుంటే పెద్దమనుషులు కళ్ళు తుడుచుకున్నారు. నేను వెనకాల అతిథులకు బాదం మిఠాయి సర్దుతున్నాను. కాలేజీ అమ్మాయి ఒకతి లేచి, "సార్, వాళ్ళు మౌనంగా ఉండిపోతే మీకిన్ని సంగతులు ఎలా తెలిశాయి?" అని అడిగింది.

మొక్రాన్ నవ్వాడు. "ఓర్పుగా వినాలమ్మా. వాళ్ళ నమ్మకం సంపాదించుకున్నాను."

నాకు కోపం వచ్చింది. పళ్ళెం పక్కావిడ చేతిలో పెట్టి, బయటికెళ్ళి మెట్ల మీద నిలబడ్డాను. ఆయన అబద్ధమాడాడని కాదు, నిజంగా అలాగే నమ్ముతున్నాడని.

పారిస్ ప్రచురణకర్తలు రెండో పుస్తకం అడిగారు. అంతా ఆడవాళ్ళ గొంతులే ఉండాలట. వేసవి వస్తుండగా మొక్రాన్ రికార్డర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఈసారి గౌను జేబులో వేసుకుని వెళ్ళు."

"వాళ్ళకు చెప్పకుండానా?"

"చెబితే మాట్లాడరుగా. వాళ్ళు పోతే ఇంకేమీ మిగలదు ఫెరూజా."

అదీ నిజమే. "నేను రాస్తే?" అన్నాను.

ఆయన ముద్దుగానే నవ్వాడు. "నువ్వు వాక్యాలు బాగా దిద్దుతావు. పుస్తకం రాయడం వేరు."

జూలైలో మా పుట్టింటి ఊళ్ళో జూహెర్ పెద్దమ్మ ఇంట్లో పళ్ళేలు పరిచారు. ఆవిడ భర్త అక్లీ పేరే ఊరి బడికి పెట్టారు. ప్రతి నవంబరులో, యుద్ధం మొదలైన రోజున, ఆయన సమాధి మీద పూలుంచి ఉపన్యాసాలిస్తారు. మొక్రాన్ కూడా ఆయన వీరత్వం గురించి వివరంగా రాశాడు. నేనింకా కూర్చోనే లేదు, పెద్దమ్మ అందుకుంది.

"ఏమే, మీ ఆయన మేమంతా మౌనంగా ఉండిపోయామని రాశాడటగా? మనవరాలు చదివి చెప్పింది. దవడలు నొప్పెట్టేదాకా వాగాం కదే నీ దగ్గర!"

"పాపం, అతనున్నప్పుడు ఉన్నాం కదా," అంది పక్కింటి మాల్హా. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే జేబులోంచి రికార్డర్ తీసి చాప మీద పెట్టాను. నవ్వులు ఆగిపోయాయి.

"దీన్ని దాచి పెట్టుకు రమ్మన్నారు. నా వల్ల కాదు. వద్దంటే ఇప్పుడే లోపల పెట్టేస్తాను."

మాల్హా చేతులు దులుపుకుంది. "రాసేది మీ ఆయనేగా?"

"కాదు. నేను. అట్ట మీద నా పేరుంటుంది. లోపల మీ పేర్లుంటాయి, మీరు సరేనంటేనే."

ఇల్లు దాటేటప్పుడు ఇంత మాట అంటాననుకోలేదు. అనేశాక భయమేసింది. ఇంటికెళ్ళి మొక్రాన్‌తో ఏం చెప్పాలో తెలియదు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

జూహెర్ పెద్దమ్మ పళ్ళెం దగ్గరికి లాక్కుంది. రవ్వ మీద నీళ్ళు చిలకరించి, అరచేత్తో తిప్పింది.

"అయితే రాసుకో. నా పేరు జూహెర్. అక్లీ పెళ్ళాం అని రాశావంటే ఊరుకోను," అంది చివరికి. "యుద్ధంలో మా ఆయన ఏం చేశాడో బడిపిల్లల్ని అడిగినా చెబుతారు. ఏం చెయ్యలేదో నేను చెబుతాను. దాని మీట నొక్కు."