నూకగింజ పన్ను

మా బడిలో ఎలకలకున్న తెలివి మాకెవరికీ లేదు. కోపంతో అంటున్న మాట కాదిది. కోపానికైనా కాస్త ఓపిక కావాలి కదా, బన్నీ పోయిన దగ్గర్నుంచీ నాకు అదీ లేదు.

బన్నీ నా కొడుకు. చదివింది ఇదే బడిలో, రెండో తరగతి, నా క్లాసే. వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. సమాధుల తోటలో నేను ఏడవలేదు. "మెర్సీ టీచరు గారిది ఎంత నిబ్బరమండీ!" అన్నారు చర్చిలో ఆడవాళ్ళు. నిబ్బరమా, నా మొహమా! తింటే తిన్నట్టు ఉండదు, పడుకుంటే పడుకున్నట్టు ఉండదు. సెలవు అయిపోగానే వచ్చి మళ్ళీ అదే క్లాసుకి పాఠాలు చెబుతున్నాను. కిటికీ పక్కన వాడు కూర్చునే చోటు మాత్రం చూడను.

మా ఆయన అశోక్ వాడి ఫోటో పెద్దది చేయించి తెచ్చారు. స్టూడియో అబ్బాయి జాలిపడి కంప్యూటర్లో వాడికి కోటు తొడిగాడు. నిక్కబొడుచుకునే జుట్టుని నున్నగా దువ్వాడు. ముందు పన్ను ఊడిపోయి కొత్తది సగమే వచ్చింది వాడికి, దాన్ని కూడా నిండుగా దిద్దేశాడు. పాపం, మంచికే చేశాడు. కానీ గోడ మీదున్న ఆ కోటు కుర్రాడెవరో నాకు తెలీదు. వాణ్ణే రోజూ చూసీ చూసీ మా వాడి మొహం మర్చిపోతానేమోనని నా భయం. భయం అంటున్నాను గానీ, అది కూడా పక్కింట్లో టీవీ మోగుతున్నట్టు ఎక్కడో దూరంగా ఉండేది.

బాలల దినోత్సవానికి ప్రదర్శన పెడదామన్నారు మా హెడ్‌మాస్టరు అప్పాజీ గారు. "పారేసే వస్తువులతో మనుషుల మొహాలు చేయించండి మెర్సీ గారూ. చేత్తో తడిమితే గరుగ్గా తగలాలండీ!" అన్నారు. మండపేటలో అలాంటి వాటికేం కరువు? పిల్లలు గోనె ముక్కలు, కొబ్బరి పీచు, సీసా మూతలు, పాత శుభలేఖలు పట్టుకొచ్చారు. రైసు మిల్లుల్లో పనిచేసే వాళ్ళ పిల్లలైతే తవుడు, నూకలు సంచుల్లో మోసుకొచ్చారు. మైదా జిగురు నేనే ఉడికించాను. అట్టకి జిగురు రాసి తవుడు చల్లితే అచ్చం మనిషి ఒంటి రంగు వచ్చింది. పిల్లలు ఒకటే గెంతులు. "అల్లరి చెయ్యకండర్రా" అన్నాను, అలవాటు కొద్దీ.

అందరూ అమ్మల్నీ తాతల్నీ చేస్తున్నారు. పూజిత అట్ట మీద చిన్న మొహం కనిపించింది.

"ఎవర్నే చేస్తున్నావు?"

"బన్నీనండి."

పిల్లలందరూ జిగురు చేతులతో నా వైపు తిరిగారు.

"చెయ్యకూడదా టీచర్?"

"చెయ్యి" అన్నాను.

నడినెత్తి మీద పీచు నిక్కబొడిచింది. కళ్ళకి సీసా మూతలు పెట్టింది. పళ్ళకి బియ్యం గింజలు అతికించి, ముందు మాత్రం ఒక్క నూక పెట్టింది. "వాడికీ నాకూ ఒకేసారి ఊడాయండి. ఎవరికి ముందు మొత్తం వస్తుందోనని పందెం వేసుకున్నాం. వాడిది సగం వచ్చిందండి."

బాబోయ్, అది బన్నీయే! బుగ్గ తడిమి చూశాను. గరుగ్గా, తడితడిగా తగిలింది. ఇంట్లో ఆ కోటు కుర్రాణ్ణి దించేసి వీణ్ణి పెట్టుకోవాలనిపించింది. ఇన్నాళ్ళకి నాకంటూ ఒకటి కావాలనిపించింది. ప్రదర్శన అయ్యాక నాకు ఇచ్చేస్తావా అని పూజితని అడిగాను.

"తీసుకెళ్ళండి టీచర్. మీ బన్నీయే కదండీ."

సాయంత్రానికి మబ్బు పట్టింది. క్లాసు గది కప్పు కారుతుంది. అందుకని అప్పాజీ గారు బొమ్మలన్నిటినీ మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలుండే గదిలో పెట్టించి, "ఇక్కడైతే భద్రమండీ" అని తాళం వేశారు.

పొద్దున్న తలుపు తీస్తే ఏముంది, ఎలకలకి రాత్రంతా పెళ్ళి భోజనం! మిల్లుల ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళం, తవుడూ మైదా జిగురూ కలిపి పూసిన అట్టల్ని తీసుకెళ్ళి బియ్యం గదిలో పెట్టాం. ఒక్కరికంటే ఒక్కరికి తట్టలేదు. తాతల గోనె తలపాగాలు మిగిలాయి, మొహాలు లేవు. బన్నీ అట్ట మీద కాస్త పీచు, రెండు మూతలు మిగిలాయి.

"అయ్యయ్యో, ఎంత పని జరిగిందండీ!" అంటూ అప్పాజీ గారు తల పట్టుకున్నారు.

"పర్లేదండి" అన్నాను. నిజంగానే ఏమీ అనిపించలేదు. పోయినవాడు ఇంకోసారి పోయాడు, అంతే అనుకున్నాను.

క్లాసులో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. పూజిత మాత్రం ఏడవలేదు. ఎలకలు కొరికిన అట్ట పక్కన పడేసి కొత్తది తెచ్చుకుంది. "మళ్ళీ చేసేస్తానండి. ఈసారి తవుడు వద్దు, బుగ్గలకి గోనె పెడతాను. ఇంటికి ఇప్పుడే పట్టుకెళ్ళిపోండి" అంది.

కాసేపటికి నా బల్ల దగ్గరికి వచ్చి అరచెయ్యి చాపింది. అందులో ఒక నిండు బియ్యం గింజ, ఒక నూక ఉన్నాయి.

"టీచర్, ఇటు చూడండి." పై పెదవి ఎత్తి చూపించింది. ముందు పన్ను నిండుగా, తెల్లగా వచ్చేసింది. "నాది మొత్తం వచ్చేసిందండి. మరి ఇప్పుడు వాడికి మొత్తం పెట్టనాండి, సగమే పెట్టనాండి?"

నిండు గింజ పెడితే మా ఇంటి గోడ మీది కుర్రాడు అవుతాడు.

"సగమే పెట్టమ్మా" అన్నాను. "వాడికి ఇంక రాదు."

సమాధి దగ్గర పాస్టరు గారు అంతసేపు ప్రార్థన చేసినా నాకు తెలియనిది, నా నోటితో నేను ఆ మాట అన్నాక తెలిసింది. నా బిడ్డ ఇంక పెరగడు. బల్ల పట్టుకుని, పిల్లలందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాను. పూజిత బిక్కమొహం వేసుకుని నిలబడింది. తర్వాత జిగురు ఆరిపోతుందని గబగబా వెళ్ళి నూక అతికించి వచ్చి, నా కొంగు పట్టుకుంది.