మంట తెలియని కాళ్ళు

ఎండుమిరప ఘాటు ఆమె కంటే ముందే వార్డులోకి వచ్చింది.

చీర మడతల్లో, జుట్టులో, గోళ్ళ సందుల్లో... ఎర్రటి ఘాటు. పక్క మంచాల వాళ్ళు తుమ్మారు.

రామాయమ్మ తుమ్మలేదు. అరవై రెండేళ్ళు. నూజెండ్ల పక్క పల్లె. పదేళ్ళుగా షుగరు. మూడు రోజులుగా జ్వరం.

ఆమెను ఆసాంతం పరీక్షించి, ఏం సేవ చేయాలో కాగితం మీద పెట్టాలి. నరసరావుపేటలో నర్స్ ప్రాక్టీషనర్ చదువుతున్న నిస్సీకి ఆ రోజు పరీక్ష అదే.

పొద్దున్నే పాఠాలు చెప్పే మేడం నిస్సీని అందరి ముందూ నిలబెట్టింది. వెనకటి రోగిని ఏదో అడగడం మరిచిపోయిందని. "నీ చేతికి మనిషిని ఎట్టా అప్పజెప్పాలమ్మా?"

అందుకే ఈసారి ఏదీ వదల్లేదు. నాడి చూసింది. ఊపిరి విన్నది. కాళ్ళ దగ్గరికి వచ్చింది.

"కళ్ళు మూసుకో మామ్మా. దూది తగిలినప్పుడల్లా చెప్పు."

బొటనవేలు. "తగిలిందమ్మా."

మడమ. "తగిలిందమ్మా."

చిటికెనవేలు... మేడం అటుగా నడిచింది. నిస్సీ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది—

"తగిలిందమ్మా."

తగల్లేదు.

దూది ఇంకా గాలిలోనే ఉంది.

నిస్సీ వంగి, గొంతు తగ్గించింది. "నేనసలు ముట్టుకోలా మామ్మా."

రామాయమ్మ కళ్ళు తెరిచింది. దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వింది.

"పొద్దున నిన్నామె తిడతంటే విన్నాలే. తగల్లేదంటే నీకు మార్కులు పోతయ్యేమోనని... నా కాళ్ళు మొద్దుబారి చానా ఏళ్ళయింది తల్లీ. కళ్ళంలో మిరపకాయలు తొక్కితే అందరికీ కాళ్ళు భగ్గుమంటయ్యి. నాకేం తెలవదు. దేవుడిచ్చిన వరమనుకుంటా."

వరం...

నిస్సీ పాదం ఎత్తి చూసింది. అరికాలి మధ్యన గుంట. గుంట చుట్టూ నలుపు. లోపల విరిగిన తుమ్మముల్లు.

దాని మీదే నడుస్తోంది. ఎన్నాళ్ళ నుంచో — ఆమెకే తెలియదు.

డాక్టరు వచ్చి చూశాడు. కట్టు కట్టించాడు. ఈ రోజే గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాలన్నాడు. ఆలస్యమైతే పాదం దక్కదన్నాడు.

రామాయమ్మ కిటికీలోంచి ఆకాశం చూసింది. "కళ్ళంలో కాయుంది బాబూ. మబ్బెట్టా కమ్ముకొస్తందో చూడు. కాయ ఎత్తినాక పోతా."

నిస్సీ బతిమాలింది. రాసిందంతా చదివి వినిపించింది. ఒట్టికాళ్ళతో నడవొద్దు. రోజూ కట్టు మార్చాలి. అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి.

"మొహం చూసుకునే తీరికే లేదు పాపా. అరికాలు చూసుకోమంటావేంది!"

నా ఇష్టం మీదే వెళ్తున్నానన్న కాగితం మీద వేలిముద్ర వేసింది. వినుకొండ బస్సెక్కింది. బరువంతా ఆ కాలి మీదే మోపి ఎక్కింది.

మేడం కాగితాలు తిప్పి చూసింది. "బాగా పట్టుకున్నావు," అంది. మార్కులు బాగానే వేసింది. ఆఖరి గడి, ఫలితం, ఒక్కటే ఖాళీ.

ఆ సాయంత్రం వాన పడింది.

నిస్సీ మర్నాడు రామాయమ్మకి ఫోన్ చేసింది. ఆ మర్నాడూ చేసింది. ఎవరూ ఎత్తలేదు. వాన వెలిసింది. ఎండ కాసింది. మళ్ళీ చేసింది.

తొమ్మిదో రోజు ఎత్తారు.

"మామ్మా! కాలెట్టా ఉంది?"

అవతల గాలి హోరు. ఎవరివో కేకలు. ఫోనుకి దగ్గరగా ఎగశ్వాస.

"చానా బాగుంది తల్లీ," అంది రామాయమ్మ. "అసలు నొప్పే లేదు."

ఆ కాలికి నొప్పెప్పుడు తెలిసింది గనక! జ్వరం తగ్గిందా అని నిస్సీ అడిగేలోపే రామాయమ్మ ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చేస్తే మోగుతూనే ఉంది.

నిస్సీ సెలవడగడానికి మేడం గదివైపు నడిచింది. వినుకొండ బస్సు ఇంకో గంటకి గాని లేదు. అక్కణ్ణించి ఆటో. అక్కణ్ణించి ఆ పల్లె...

గంట. ఇంకా గంట.