జంగ్లీఘాట్ నోరు మూసిన రోజు

మా అత్తగారు జ్ఞానవతమ్మ ఏ పనీ సగం చెయ్యరు. ఆవిడ ఉపవాస ప్రార్థన పెట్టుకుంటే ఇంట్లో పిల్లికి కూడా పాలు పుట్టవు. అలాంటి మనిషి చెవిలో "పరీక్ష రోజు పాపకి ఎవరూ సాయం చెయ్యకూడదు" అన్న ముక్క వెయ్యడమే స్వాతి మేడమ్ చేసిన పొరపాటు.

పాప అంటే మా లవీనా. పదో తరగతి పాసైంది. దానికి వెలుగూ నీడా తెలుస్తాయి, ముఖాలు తెలియవు. ఈ వేసవిలో చూపు లేని పిల్లల కోసం పోర్ట్ బ్లెయిర్‌లో ఒక శిబిరం పెట్టారు. తెల్లకర్రతో రోడ్డు దాటడం, బస్సెక్కడం, కూరలు తరగడం, స్టవ్ వెలిగించడం, అన్నీ అందులో నేర్పారు. నేర్పే స్వాతికీ పుట్టుకతో చూపు లేదు. అందుకని పిల్లల సాకులేవీ ఆవిడ దగ్గర సాగవు. "కనపడలేదు మేడమ్" అంటే "నాకూ కనపడలేదు. తర్వాత?" అంటుంది.

లవీనా వైజాగ్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతానంది. మా ఆయన రాబర్ట్‌ది హార్బర్‌లో పని. వచ్చే ఓడలకి తాళ్లు కట్టిస్తాడు, పోయే ఓడలకి విప్పిస్తాడు. కూతురి దగ్గరకొచ్చేసరికి విప్పడం మాత్రం మర్చిపోయాడు. "చూద్దాం, చూద్దాం" అని నాన్చి నాన్చి చివరికి ఒక మాటకొచ్చాడు. శిబిరం ఆఖరి పరీక్షలో లవీనా అబర్డీన్ బజార్‌లో ఒక్కతే బస్సెక్కాలి. జంగ్లీఘాట్‌లో దిగి, చేప కొని, ఇంటికొచ్చి పులుసు పెట్టాలి. పెడితే ఓడెక్కిస్తాడు. మధ్యలో ఏ ఒక్కరు సాయం చేసినా చదువు ఇక్కడే, ఇంట్లోంచే.

"రేపు వాడు ఏదో వంక పెడతాడు. ఎవరో చెయ్యి పట్టుకున్నారంటాడు. నేను పెట్టనిస్తానా?" అన్నారు మా అత్తగారు. నిజానికి ఆవిడ మనవరాలి పక్షమే.

ఆదివారం తెలుగు ఆరాధన అవగానే ఆవిడ చర్చి గుమ్మంలో నిలబడి ప్రకటన చేశారు. చర్చికి రానివాళ్ల ఇళ్లకీ, దుకాణాలకీ స్వయంగా వెళ్లారు. "మంగళవారం మా లవీనా వచ్చేటప్పుడు ఎవరైనా కిక్కురుమన్నారో, చుప్! తర్వాత నాతో మాట్లాడాలి." మా వీధి ఎవరి మాటా వినదు గానీ మా అత్తగారి మాట వింటుంది. అదే కొంప ముంచింది.

మంగళవారం లవీనా బస్సులో ముందు కూర్చుంది. స్వాతీ నేనూ వెనక సీట్లో. నేను నోరు విప్పకూడదని షరతు. జంగ్లీఘాట్ స్టాపులో దిగి, దాన్ని ముందుకి పోనిచ్చి, మేం కాస్త వెనకగా నిలబడ్డాం.

ఇంతకీ ఆ దారి దానికి కొత్త కాదు. వారాల తరబడి స్వాతీ అదీ కలిసి చెవులతో బట్టీపట్టిందే. దిగగానే నాగబాబు చాయ్ కొట్టు, అందులో పొద్దున్నుంచీ వాగే రేడియో. ఆ వాగుడుని వీపుకి పెట్టుకుని నడిస్తే తిరుమలరావు కుట్టుమిషన్ చప్పుడు. అక్కడ మలుపు. మలుపు తిరిగితే చేపలమ్మే నూకరత్నం గొంతు. ఆ గొంతు వినపడనివాళ్లు డాక్టరుకి చూపించుకోవాలి.

ఆ రోజు రేడియో లేదు. నాగబాబు పెదవుల మీద వేలేసుకుని, చాయ్ తాగేవాళ్ల వైపు గుడ్లురుముతున్నాడు. కాస్త దూరంలో తిరుమలరావు మిషన్ మీంచి కాళ్లు తీసేసి, ఫోటో దిగుతున్నవాడిలా కూర్చున్నాడు. ఆ పైన చేపల దగ్గర ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారేమో, కాకుల గోల తప్ప ఏమీ లేదు.

స్వాతి నా చెవిలో అడిగింది: "దీదీ, ఇవాళ బందా?"

"కాదు, మా అత్తగారు," అన్నాను.

స్వాతి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

లవీనా కర్ర తాటిస్తూ బయల్దేరింది. మిషన్ చప్పుడు లేదు కదా, మలుపు దాటేసింది. తిన్నగా పడవలు లాగే పల్లం వైపు దిగుతోంది. కర్ర ఒక మోకుకి తగిలి ఆగింది. ఇంకాస్త ముందుకు పోతే నీళ్లే. నేను అడుగు వెయ్యబోతే స్వాతి నా మణికట్టు పట్టుకుంది. "ఆగండి దీదీ. దారి తప్పితే ఏం చెయ్యాలో కూడా నేర్పాను."

లవీనా నిలబడింది. వెనక్కి తిరిగింది. గోడని వేళ్లతో తడుముకుంటూ మళ్లీ మొదటికి వచ్చి, చాయ్ వాసన దగ్గర ఆగింది.

"నాగబాబు భయ్యా, ఉన్నావా?"

నాగబాబు ఉన్నానని తలూపాడు. చూపు లేని పిల్లకి!

అది కాసేపు మెడ వంచి విన్నది. తర్వాత దాని పెదవి ఒక పక్కకి వంగింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఆ నవ్వు వచ్చిందంటే ఇంట్లో ఎవరో ఒకరి పరువు పోతుంది.

"ఉండవులే. నీ చాయ్‌లో పాలకంటే టాంకీ నీళ్లే ఎక్కువని మా నాన్న అంటే నేను నమ్మలేదు. వాసన చూస్తుంటే నిజమేననిపిస్తోంది."

నాగబాబు చేతిలో గరిటె గిన్నెలో పడింది. "కౌన్ బోలా? రాబర్ట్ భయ్యా అన్నాడా? రోజూ ఇక్కడే కదా నిలబడి తాగుతాడు, రానీ సాయంత్రం!"

"షుక్రియా భయ్యా," అని ఆ అరుపుని వీపుకి పెట్టుకుని నడిచింది.

మలుపు దగ్గరయిందని అనుకున్నచోట మళ్లీ ఆగింది. "తిరుమలరావు మావయ్యా! క్రిస్మస్‌కి నువ్వు కుట్టిన గౌనుకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. కుట్టినాయనకి కూడా నాలాగే కళ్లు కనపడవా అని క్లాసులో అడిగారు."

తిరుమలరావు ఓర్చుకున్నాడు. దారం కొరికాడు. మెడ నరం పొంగింది. ఇక ఆగలేదు. "కొలతలిచ్చింది మీ నాయనమ్మ! ఎల్లి ఆవిణ్ణడుగు! నాకేటి తెలుసు!" ఆ కోపంలో మిషన్ తొక్కుడు మొదలెట్టాడు, బట్ట పెట్టకుండానే. లవీనా మలుపు తిరిగింది, వెనకే మేమూ.

చేపల దగ్గర అంతా నీచువాసనే. ఏ బుట్ట ఎవరిదో ముక్కుకి అందదు. అది నడిమధ్యన నిలబడి, ఎవరితోనో కాదన్నట్టు అంది: "ఎవరూ లేరు. పోనీలే, అబర్డీన్ బజార్‌కే తిరిగెళ్లి ఐసు చేప తెచ్చుకుంటా. జంగ్లీఘాట్ చేపకంటే అదే తాజా అట కదా."

నూకరత్నం నోట్లోంచి కొంగు జారింది.

"ఏటే? ఏటన్నావే గుంటా? ఐసు సేప తాజానా? ఇటు రా! నా సుర్మయి మొప్పలో ఏలెట్టి సూడు! తెల్లారగట్ల సముద్రంలో ఈదిన సేపే ఇది!"

తక్కినవాళ్లూ అందుకున్నారు. లవీనా ఆ గోలలోంచి పెద్ద గొంతుని ఏరుకుని సూటిగా వెళ్లి కూర్చుంది. మొప్ప తీసి తడిమింది, కండ నొక్కింది, వాసన చూసింది.

"మొప్ప బాగుంది. నోరే కొంచెం పెద్దది."

"సేపదా?"

"నీది, అత్తా."

అలా తిట్లు తింటూ బేరమాడి, ముక్కలు కొట్టించుకుని, సంచీ ఊపుకుంటూ ఇంటికొచ్చింది. ఉల్లిపాయలు అదే తరిగింది. చింతపండు అదే పిసికింది. నేను వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. పెళ్లయ్యాక ఆ వంటింట్లో నేను ఊరికే నిలబడింది అదే మొదలు. బాగానే ఉంది.

మధ్యాహ్నం రాబర్ట్ కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద కలపకుండానే వంక దొరికింది. "వీధిలో అందరూ మాట్లాడారటగా. గొంతు విని దారి పట్టుకుంది. మరి అది సాయమేగా?"

మా అత్తగారి ముఖం వాడిపోయింది. అప్పుడే వీధి తలుపు దబదబా మోగింది. ఫిర్యాదు చెయ్యడానికి నాగబాబు, తిరుమలరావు, నూకరత్నం ముగ్గురూ కలిసే వచ్చారు.

"మీరంతా దానికి సాయం చేశారా?" అన్నాడు రాబర్ట్.

"సాయమా!" నూకరత్నం నడుం మీద చెయ్యేసింది. "నా సేపని ఐసు సేపందయ్యా! తిట్టేను! కడుపారా తిట్టేను! ఇంకా మిగిల్నాయని ఇలాగొచ్చేను!"

"నేనైతే కొలతల గురించి అడగడానికొచ్చేను," అన్నాడు తిరుమలరావు, మా అత్తగారి వైపు చూడకుండా.

మా వెంటే ఇంటికొచ్చిన స్వాతి గొంతు సవరించుకుంది. "సర్, తిట్లు తినడం సాయం కిందికి రాదు. తిట్టించుకోవడం నేను నేర్పలేదు కూడా. అది అమ్మాయి సొంతం."

రాబర్ట్ ముద్ద కలిపాడు. ఇంకో ముక్క అడిగి వేయించుకున్నాడు. కంచం ఖాళీ అయ్యాక, "ఓడ ఎప్పుడుందో రేపు కనుక్కుంటాను," అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి తలెత్తాడు. "ఏమే, టాంకీ నీళ్లని నీతో నేనెప్పుడన్నాను?"

"నాతో కాదు నాన్నా, అమ్మతో అన్నావు. గోడ పల్చన."

నాగబాబు మా ఆయన్ని చూశాడు. మా ఆయన నన్ను చూశాడు. నేను అందరికీ పులుసు వడ్డించే పనిలో పడ్డాను.

అందరూ వెళ్లాక మా అత్తగారు లవీనా పక్కన కూర్చుని దాని జడ సర్దారు. "అంతా బాగానే ఉంది గానీ, వైజాగ్‌లో కొత్తచోటు. అక్కడ కెలకడానికి నీకెవరున్నారే?"

"నన్ను దిగనీ నాయనమ్మా," అంది లవీనా. "దొరుకుతారు."